రసీదులో ఒక మాట

ఏడాదికోసారి వెళ్తాను ముద్ర వేయడానికి
జియాగూడ మలుపులోని కుదువ దుకాణానికి.
నా సంచిలో పెట్టె, పెట్టెలో మఖమల్ గుంటలు,
గుంటల్లో ఇత్తడి రాళ్లు, వంద గ్రాములది మొదలు
చిమటాతో తప్ప ముట్టుకోకూడని రేకు దాకా.

సుదర్శనాచారి కాటా ఏనాడూ తప్పలేదు.
అడగకముందే ఫ్యాను ఆపుతాడు,
ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతాడు.
వాళ్ల తాత నగలు చేసిన చోటే
ఈయన నగలు దాస్తాడు.

వడ్డీ పట్టిక అందరికీ కనపడేలా ఉండాలని రూలు.
ఉంది,
మెడికల్ షాపు కాలెండరు వెనక.
కాలెండరు తీసి కింద పెట్టాను. నా పని కాదది, అయినా.
పట్టిక తెల్లగా ఉంది,
ఒక్క కన్నూ పడని తెలుపు.

అప్పుడే మొగులమ్మ వచ్చింది,
మున్సిపాలిటీ చీపురు గుమ్మానికి ఆనించి.
ముప్పై రెండు తులాల వెండి కడియాలు,
పోయిన బోనాలప్పుడు పెట్టినవి, తమ్ముడి ఆటో ఇంజను కోసం.
నా పెట్టె చూసి అడిగింది:
"సర్కారోళ్లా సారు? జర మిత్తి గూడ తూచుండ్రి."

మా దిక్కు మిత్తి అంటే వడ్డీ.
మిత్తి అంటే చావు కూడా.
రెండిటికీ నా పెట్టెలో రాళ్లు లేవు.
అది వేరే ఆఫీసు, వేరే కిటికీ
అని చెప్పబోయి ఆగాను.
ఆ కిటికీ ముందు నేనూ నిలబడ్డవాణ్నే.

రసీదు చదివిపెట్టమంది.
చీమ తలకాయంత అక్షరాలు. వెలుతుర్లోకి జరిగాను.
నెలకు ఇంత. గడువు ఇంత. గడువు దాటితే నోటీసు,
ఆపైన వేలం. మిగిలింది మీకే ఇవ్వాలి.
"మిగుల్తదా!" అని నవ్వింది. "ఇంకేముంది, సదువు."
వస్తువు: కడియాలు, జత. పాతవి. అరిగినవి. వంకర.

నవ్వు ఆగింది.
"వంకరేంది?"
చారి గొంతు సవరించుకున్నాడు.
"అన్నిటికీ అట్లనే రాస్తమమ్మా, రేపు పేచీ రాకుండ.
కొత్త గొలుసైనా అరిగిందనే రాస్తం."
"తియ్యి బైటికి."

గుడ్డమూట మీద సిరాతో ఆమె పేరు.
ఒక కడియాన్ని గాజు బల్ల మీద నిలబెట్టి
చెయ్యి వదిలింది.
అది తిన్నగా దొర్లుకుంటూ పోయి
నా పెట్టెకు తగిలి ఆగింది.

"మా అమ్మ కాళ్లకు నలభై ఏండ్లున్నయి.
ఆమె నడక వంకర గాదు. ఇవీ గాదు."

వడ్డీ సంగతి మళ్లీ ఎత్తలేదు.
చారి ఆ మాట మీద గీత గీశాడు, పక్కన పొట్టి సంతకం.
తన పుస్తకంలో కూడా కొట్టేసేదాకా
ఆమె వేలు తియ్యలేదు.
"మరి, అరిగినవి?" అన్నాడు.
కాసేపు చూసింది.
"అది ఉండనీ. అరిగినయి."

కాటాకు సీసం బిళ్ల నొక్కి
ఫారంలో రాశాను: తేడా లేదు.
మెట్లు దిగేటప్పుడు తిరిగి చూస్తే
కాలెండరు ఇంకా నేల మీదే ఉంది.