డ్రాగిత్సా కిటికీ

కూబర్ పీడీలో ఎండకి మొహమాటం లేదు.
ఇళ్ళే నేల కిందికి పోయి దాక్కుంటాయి.
కిటికీలున్నవి కొట్లకే.

అలాంటి ఒక కిటికీలో, ఓపల్ రాళ్ళ పెట్టె పైన,
వాళ్ళాయన మిలొరాద్ ఫొటో తగిలించింది డ్రాగిత్సా.
తీసిచ్చింది నేనే, మా ఇంటి ప్రింటర్ మీద,
నైట్ డ్యూటీ దిగి వచ్చి, చవక సిరాతో.

నాలుగు నెలలకే బుగ్గల్లోంచి ఎరుపు దిగిపోయింది.
తెల్ల చొక్కా పచ్చకి తిరిగింది.
"మా ఆయనకి కామెర్లా, నర్సమ్మా?" అంది
నవ్వకుండా.

సిగ్గేసింది.
చీరాలలో అద్దకం పనివాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని.
కొత్త బట్ట ఉప్పునీళ్ళలో జాడించి
తిరగేసి నీడపట్టున ఆరెయ్యమని
నడక రాకముందే విన్నదాన్ని.
ఏది కచ్చా రంగో, ఏది పక్కా రంగో
తడివేలితో రుద్ది చెప్పేసేది మా నాయనమ్మ.

ఈసారి అడిలైడ్ నుంచి పిగ్మెంట్ సిరా తెప్పించాను.
ఆమ్లం లేని నూలు కాగితం.
తీశాక ఒక పగలూ ఒక రాత్రీ ఆరనిచ్చాను,
మా పిల్లాణ్ణి ఆ గదిలోకి రానివ్వకుండా.
అద్దం ముఖానికి అంటుకోకుండా చుట్టూ అట్ట కట్టాను.
అద్దం కూడా మామూలుది కాదు,
ఎండలో కరిచే భాగాన్ని వడకట్టేది.

అన్నీ చేసి చివర్న చెప్పాను:
"దీన్ని కిందికి దించండి,
మీ పడకగదిలో రాతిగోడకి పెట్టండి.
ఎండ రాదు, పొయ్యి సెగ రాదు.
నూరేళ్ళుంటాడు."

ఆవిడ ఏప్రన్ అంచుతో ఫ్రేము తుడిచింది.
"ముప్పై ఒక్క ఏళ్ళు కిందే తవ్వాడు.
పైకొచ్చి ఇక్కడ కుర్చీ వేసుకున్నది రెండేళ్ళు.
మళ్ళీ దించమంటావా?"

మేకుని ఒక జానెడు పక్కకి జరిపాం.
అంతవరకే ఒప్పుకుంది.
జనవరిలో ఎండ కిటికీ గట్టు దాటదు.
జూన్‌లో మాత్రం వంగి లోపలికొచ్చి
మోచెయ్యి, భుజం, మెడ...
నేను లెక్క చూసుకుంటూ ఉంటాను.

ఫొటో వెనక పెన్సిల్‌తో తేదీ వేశాను.
ఫైలు రెండు చోట్ల దాచాను, ఆవిడకి చెప్పలేదు.

పాతది పారేస్తానంటే ఇవ్వలేదు.
అది కిందే ఉంది, ఆవిడ మంచం పక్కన,
దీపం తీసేస్తే ఏమీ కనబడని చోట.
"జబ్బు మనిషి కదా," అంది,
"నీడన పడుకోనీ."