నువ్వుగింజంత పళ్ళు

కురుపాం మార్కెట్ వెనక నా కొట్టు.
ఒక బల్ల, ఒక భూతద్దం, నీళ్ళు తాగిన ఫోన్లు.
వాన అంటారు కొందరు, బకెట్టు అంటారు.
సూరాడ కొర్లయ్య మాత్రం "సంద్రం" అన్నాడు,
బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి పెడుతూ.
"ఫొటోలు పోతే పోనీ. ఒక్క వీడియో కావాల."

విప్పితే లోపలంతా ఉప్పు,
తెల్లగా, కొంచెం పచ్చగా, వేపపువ్వులా.
స్పిరిట్టుతో కడిగి బల్బు కింద పెట్టాను.
మూడో రోజు కళ్ళు తెరిచింది.
గొంతు మాత్రం రాలేదు.
కంప్యూటర్లోకి ఎక్కించి విన్నాను.

నలభై ఒక్క సెకన్లు.
మొదట సగం ఆకాశాన్ని మూసిన బొటనవేలు.
దూరంగా యారాడ కొండ ఒంగింది, లేచింది.
తర్వాత నీళ్ళు నల్లబడ్డాయి,
పడవకంటే పొడుగ్గా.

"ఓర్నాయనో, సొర్ర! పులి సొరేటి మావా?"
"కాదొరే. పులికి సారలు, దీనికి సుక్కలు.
పళ్ళు నువ్వుగింజంత. మనిసినేటి సేత్తాది?
కత్తి తే."

మొప్పల దగ్గర మెలిపడ్డ వల.
కోస్తున్న చప్పుడు,
తడి చీరను ఎవరో చింపుతున్నట్టు.
ముప్పై ఏడో సెకనులో ఫోను జారింది,
మెడకు కట్టిన తాడు ఎంతుందో అంత లోతుకి.
ఆ చివరి నాలుగు సెకన్లు ఎవరూ తీసినవి కావు.
పడవ పొట్ట. నాచు. వెలుతురు.
వెలుతురు కింద ఒక వీపు,
నల్ల దుప్పటి మీద అమ్మ వడియాలు పెట్టినట్టు
తెల్ల చుక్కలు,
వరసలు చెదరకుండా వెళ్ళిపోవడం.

ఆ రాత్రి నేనొక పని చేశాను.
మొదటి పంతొమ్మిది సెకన్లు ఉంచి
మిగతాది కోసేశాను.
నా దగ్గరా ఒక కత్తి ఉంది మరి.
కింద రాశాను: విశాఖ తీరంలో మనుషుల్ని తినే సొర.
తెల్లారేసరికి లక్షమందికి పైగా భయపడ్డారు.
ఆదివారం ఆర్కే బీచ్‌లో తల్లులు
పిల్లల్ని పాదాలు దాటి తడవనివ్వలేదు.
అది నాలుగు పడవలు మింగిందని
ముంత మసాలా కలుపుతూ ఒకతను చెబుతుంటే
నిమ్మకాయ ఇంకొంచెం పిండమన్నాను.
అంతే అన్నాను.

కొర్లయ్య వచ్చాడు. తిట్టలేదు.
స్టూలు మీద కూర్చుని సొరల సంగతి చెప్పాడు,
దూరమైన చుట్టాల పేర్లు తలుచుకుంటున్నట్టు.
పాల సొర, పిట్టయి, వెల్లుల్లి వాసనతో
బాలింతల ఇళ్ళకి వెళ్ళేది.
సుత్తితల సొర, వాళ్ళయ్య రోజుల్లో గుంపులు.
ఇప్పుడు చెబితే మనవలు నవ్వుతారట,
అలాంటి తల ఉంటుందా అని.
పులి సొర దగ్గర పంచె ఎత్తి
ఎడమ పిక్క చూపించాడు.
"తప్పు నాదే. పడవలోకి లాగినాక
దానికి ఊపిరాడలేదు."
సుక్కల సొర దగ్గర ఆగాడు.

"వల ఎనభై వేలు బాబూ. పెట్టుబడి సావుకారిది.
సొర కోసం కోసీనానంటే నమ్మలేదు.
ఫోన్లో ఉంది, సూపిత్తానన్నాను.
నిన్న ఆయనే నాకు సూపించాడు, తన ఫోన్లో.
ఇందులో వలేది, కత్తేదన్నాడు.
బయపడి వల ఒగ్గేసి పారొచ్చావన్నాడు."

మూడొందలు బల్ల మీద పెట్టాడు.
నేను తీసుకోలేదు. వెనక్కి అతనూ తీసుకోలేదు.
ఫ్యాను గాలికి ఎగరకుండా
వాటి మీద పాత బ్యాటరీ ఒకటి పెట్టాను.

మొత్తం వీడియో మళ్ళీ పెట్టాను, సరైన పేరుతో.
రెండొందల పదకొండు మంది చూశారు.
ఇందులో ఏముందని ఒకరు అడిగారు.

రేపు సావుకారి ఇంటికి నేనూ వెళ్తున్నాను,
కొర్లయ్య వెనకాలే,
ఫోనుతో పాటు పెద్ద స్పీకరు మోసుకుని.
ఆయనకి చెవులు కొంచెం దూరమట.
కత్తి చప్పుడు వినబడాలి.