పద్నాలుగు తర్వాత పదహారు

రేణిగుంటలో, నా బల్లమీద, అది చావలేదు.
పదకొండు రోజులు, రాత్రీ పగలూ
పొట్లాల మీద పొట్లాలు విసిరాను.
ఒక్కటీ కింద పడనీలేదు.
సోమల పాలకేంద్రంలో మాత్రం
తెల్లారుజామున నాలుగున్నరకి
మొదటి క్యాను మూత తీసీ తీయగానే
పెట్టెలో పచ్చదీపం ఆరిపోతుంది.

"మళ్ళా పాయె పాపా" అని ఫోన్లో దేశమ్మ.
పోయిన ప్రతిసారీ
వెన్నశాతం రాసే పుస్తకం వెనకట్టమీద
టైము వేసి పెట్టింది, నిమిషాలతో సహా.
మా ఆఫీసులో అంత శ్రద్ధగా ఎవరం రాయలేదు.

భాకరాపేట కనుమలో బస్సు మూలుగుతుంటే
ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని
చచ్చిన క్షణం తాలూకు అంకెలు చదివాను.
అన్నీ ఒకే చోట ఆగాయి.
నాలుగుతో భాగిస్తే, ఎప్పుడూ, రెండు మిగులు.

పొట్లం నెత్తిన చీటీ ఉంటుంది.
ఎవరికి అన్నది ఆరు గళ్ళు.
ఎవరు పంపారన్నది ఆరు.
లోపల సరుకు ఏ జాతిదో, రెండు.
పద్నాలుగు. నేను పుట్టకముందే ఎవరో వేసిన లెక్క.
దాని తర్వాతే అసలు జాబు మొదలు.

దేశమ్మ పెట్టెలో ఉన్నది చవక చిప్పు,
దానికి నాలుగో ఎక్కం ఒక్కటే వచ్చు.
నాలుగు మూళ్ళు పన్నెండు,
నాలుగు నాలుగులు పదహారు.
మధ్యలో పద్నాలుగు దగ్గర నిలబెట్టి చదవమంటే
నోరు పెగలదు, అక్కడే కూలబడుతుంది.
నా బల్లమీది యంత్రం కలిగినింటి బిడ్డ.
వంకర ముక్కని రెండు గుక్కల్లో మింగి
మూతి తుడుచుకుంది.
పదకొండు రోజులు నా తప్పుని కడుపులో దాచింది.
దాన్ని నేను మంచిదనుకున్నాను.

మందు పాతదే.
ముందు రెండు గళ్ళు ఖాళీగా వదిలేస్తే
రెండూ పద్నాలుగూ పదహారు.
పాలవాసన వేసే గదిలో, క్యాను మీద కూచుని, రాశాను.
కార్డు ఒప్పుకోలేదు.
నాలుగో గీత మీద తప్ప దించనంది.
అనలేదు, అది ఏమీ అనదు.
నా రెండుని సున్నా చేసి, మళ్ళీ అక్కడే దించింది.

"డ్రైవర్ సరిగ్గా లేదక్కా" అన్నాను.
"ఎవురు, ఖాదర్‌బాషానా? వాడు బంగారు.
దావే బాగలేదు."

బయటికొచ్చి చూశాను.
లారీ వెనక్కొచ్చి కాలవ దగ్గర ఆగిపోయింది.
అక్కడినుంచి గట్టుకి రెండడుగులు.
చెంగల్రాయులు ఒక్కో క్యానూ ఎత్తి, తొడకి ఆనించి,
ఆ రెండడుగులూ దాటించి పెడుతున్నాడు.
"గట్టు కట్టినోడు లారీని సూడలా.
లారీ చేసినోడు గట్టుని సూడలా" అన్నాడు,
నేను అడగకుండానే.
"మద్దెలో నేనుండా గదా."

సరే.
కార్డు దించిన చోటే దించనీ.
దించిన ప్రతి పొట్లాన్నీ ఎత్తి
రెండు గళ్ళు అవతల పెట్టమని రాశాను.
దండుగ మోతే. తిరుపతిలాంటి ఊళ్ళో అయితే
ఆ మోతకి చిప్పు నడుం విరుగుతుంది.
సోమలకి సెకనుకి పది పొట్లాలు.
ఓర్చుకుంటుంది.

మర్నాడు నాలుగున్నర.
మూత తీశారు. నాలుగూ ముప్పై ఒకటి.
నాలుగూ నలభై.
పచ్చదీపం మిణుకుతూనే ఉంది.
ఆవుపాలు, మూడు పాయింట్ తొమ్మిది, అని
రేణిగుంటలో ఎవరూ లేని గదిలో
ఒక తెర మీద పడి ఉంటుంది.

దేశమ్మ పుస్తకం వెనక్కి తిప్పి
టైముల కింద గీత కొట్టింది.
"ఆ రెండు గళ్ళలో ఏముంటాది పాపా?"
"ఏమీ ఉండదక్కా."
"ఏమీ లేనిదాని కోసరం ఇన్ని దినాలా!"
అని నవ్వి, నాకు గ్లాసు నిండా పాలు పోసింది,
అంచుకి రెండు వేళ్ళు తక్కువగా.
ఆ క్యాను లెక్కలో రాయలేదు.