వాడని మొత్తం

మార్చి ముప్పై ఒకటి, రాత్రి.
ఏటుకూరు రోడ్డులో మా శిశుకేంద్రం లైటొక్కటే.
మిరప యార్డులో తొడిమలు తీసే తల్లులు
ఎప్పుడో పిల్లల్ని ఎత్తుకెళ్లారు.
ఉయ్యాల గుడ్డకి ఇంకా ఘాటు.

శిక్షణ పద్దులో పద్దెనిమిది వేలు మిగులు.
పాల పద్దులో పదకొండు వేలు బాకీ.
ఈ మడి నీళ్లు పక్క మడికి పెట్టకూడదట.
ఒప్పందం ఏడో పేజీలో ఉంది,
నా సంతకానికి సరిగ్గా పైన.

సాయంత్రం నాగూర్ మీరా గుమ్మంలో నిలబడి
"డబ్బులున్నాయంటగా మేడం" అన్నాడు.
ఉన్నాయి.
"మరి?"
నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

ఆయా రాహేలమ్మకి మూడు నెలలుగా జీతం లేదు.
జీతాలకివ్వరు వాళ్లు, మార్పుకిస్తారు.
ఎంత మార్పో అంకెల్లో రాయమంటారు.
దగ్గు తగ్గిన పిల్లలు: నలుగురు, అని కొట్టాను.
అందులో ఇద్దరు
అసలు ఊరే మారిపోయారు.

పన్నెండుకి పది నిమిషాలుండగా
మిగులంతా వెనక్కి పంపేశాను.
బ్యాంకు పద్దెనిమిది రూపాయలు పట్టుకుంది.
దాన్ని ఏ పద్దులో రాయాలో
ఇంకా తేలలేదు.

తెల్లారి చూస్తే
గడప దగ్గర క్యాను, నిండుగా.
మనిషి లేడు.
రాహేలమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది.

రసీదు అడగాలి.
ఏ మొహంతో?