గట్టు ఆరిందా

నుదురు చల్లగానే ఉంది.
నా చెయ్యే పెట్టి చూశాను.
చూసి, ఇరవై రెండేళ్ల పీఈటీ మాస్టారి ధీమాతో
"తగ్గిపోయిందే" అన్నాను.

సువార్త తలూపింది.
డెంగీ తొమ్మిది రోజులు ఉడికించిన మొహం,
రబ్బరు బ్యాండు రెండు చుట్లు సరిపోక
మూడో చుట్టు పడుతున్న జుట్టు.
ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలని
అమలాపురం ల్యాబు కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.
అంకె కనబడితే నాబోటివాడికి ధైర్యం.
కాకినాడలో సెలక్షన్లు శనివారం.
అది బుధవారం.

కాగితంలో లేనివి చాలా ఉన్నాయి.
స్టాఫ్‌రూం మెట్లు పక్కవాటున దిగింది, పీతలా.
చూసి నవ్వాను కూడా.
పిక్కలు గుంజుతున్నాయంటే
"మంచం పట్టిన ఒళ్లు కదమ్మా,
రెండు రౌండ్లు కొడితే అదే సర్దుకుంటుంది" అన్నాను.
మూడు రోజులు ఒంటేలు డికాషన్ రంగులో పోయిందని
మగ మాస్టారికి చెప్పలేక
వాళ్లమ్మకీ చెప్పక
బోరింగు దగ్గర ఇంకో రెండు గ్లాసుల నీళ్లు తాగిందట.

శనివారం, మూడో రైడు.
కూత తీగలా సాగింది
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
బోనస్ గీత మీదికి కుడికాలు చాపి
ఎడమకాలితో నేలను వెనక్కి తన్నిన క్షణాన
కబ

ఎవరూ పట్టుకోలేదు.
ఎవరూ ముట్టుకోనైనా లేదు.
నానిన గోనెసంచి చిరిగిన చప్పుడు
నాకు వినబడిందంటే డాక్టరు నమ్మలేదు.
తొడ వెనక కండరం, సగానికి పైగా.
"జ్వరం తగ్గి ఎన్నాళ్లయింది?" అన్నాడు.
చెప్పాను.
పెన్నుకు మూత పెట్టాడు.

జ్వరం వచ్చిన దారినే పోతుందనుకున్నాను.
పోతూ పోతూ కండలో ఏ ముడి విప్పిందో
ఏ పోగు వదులు చేసి వెళ్లిందో
థర్మామీటరుకేం తెలుసు,
అది నాలుక కింది మాటే చెబుతుంది.

వాళ్ల నాన్న దానియేలు కాలువ మీద లస్కరు.
ఆసుపత్రి వరండాలో నన్ను తిట్టలేదు.
తిడితే బాగుండేది.
"వరద తీశాక గట్టు చూశారాండీ?" అన్నాడు.
"పైన పెచ్చు కట్టి తెల్లగా మెరుస్తాదండి.
ఎండిపోయిందనే అనుకుంటారు అందరూ.
లోపల అడుగున్నర మెత్తన.
పదిహేను రోజులు ట్రాక్టరు ఎక్కనివ్వనండి నేను.
ప్రెసిడెంటు గారిదైనా సరే,
అడ్డంగా తాటిదుంగ పడేస్తాను."
కాసేపాగి,
"ఆ దుంగ ఇంటికాడ వెయ్యలేదండి" అన్నాడు.

అలా నా తప్పులో సగం
తన భుజానికెత్తుకుని పోయాడు.
ఇవ్వనని అనడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు జ్వరం పడి లేచిన పిల్లల నుదురు ముట్టుకోను.
మెట్లు దిగమంటాను.
మునివేళ్ల మీద నిలబడమంటాను.
ఆడపిల్లల్ని అడగాల్సినవి అడగడానికి
లెక్కల టీచరు రత్నమాణిక్యం గారిని పంపుతాను.
ముందు నడక. నాలుగు రోజులాగి చిన్న పరుగు.
లాకు తలుపు ఒక్కసారిగా ఎత్తరు కదా,
పళ్లచక్రం ఒక్కో పన్నే కదులుతుంది.
ఈలోగా ఓడిపోయే మ్యాచీలు ఓడిపోతున్నాం.
హెడ్మాస్టరు అడిగితే గట్టు ఆరలేదంటాను.
అర్థంకాక ఊరుకుంటాడు.

నిన్న సాయంత్రం లాకుల దగ్గర
సువార్త నడుస్తోంది. పదకొండో వారం.
గట్టు పొడుగునా లాగి పడేసిన గుర్రపుడెక్క కుప్పలు,
కుళ్లుతున్న పచ్చి వాసన.
అడుగుకో కూత కలుపుకుంటోంది, గొంతులోనే.
ఊపిరి చెక్కుచెదరలేదు.
నన్ను చూసి ఆగింది.
"సార్, పరిగెత్తనా?"

చెప్పు విడిచి
మడమతో నేల నొక్కి చూశాను,
ఆ పిల్ల కాలి సంగతి మట్టికి తెలుసన్నట్టు.
కొద్దిగా దిగింది.

అవతలి ఒడ్డున దానియేలు
చక్రం మీద చేతులుంచి
మా వైపే చూస్తున్నాడు.