ఆకుపచ్చ బంతి

సిన్మావోళ్లు ముంబై నుంచి దిగేటాల్లకు
ప్రాణహిత మోకాలి లోతుకొచ్చింది.
రెండు వ్యాన్లు, ఒక జనరేటరు, పన్నెండు తెల్ల గొడుగులు.
ఎండకు గొడుగులా అని మా పోశన్న
పొట్ట పట్టుకొని నవ్విండు.

కత కొత్తదేం కాదు, మా అవ్వల నాటిదే.
పొద్దుగూకినంక మంద తప్పిన మేకపిల్ల,
తొవ్వకు అడ్డంగ పులి.
"తిను గని, ముందుగాల నీ పండ్లెన్నో చెప్పు"
అంటది పిల్ల.
పులి లెక్కపెడ్తది. తప్పుతది. మల్ల మొదలుపెడ్తది.
తెల్లారేదాక దాని నాలికె
దాని నోట్లనే తిరుగుతది.
ఈ కత చెప్పకుంట సిరొంచల
ఏ తల్లి బువ్వ తినిపియ్యలే.

బొమ్మ మేక వద్దు, బతికున్న మేక కావాలన్నరు.
మందల నలభై ఒకటుండంగ
టోపీ పిలగాడు చుక్కినే ఏలు పెట్టి సూపిండు.
నొసట తెల్ల మచ్చ,
ముండ్ల కంపల చిరిగిన కుడి చెవు.
దినానికి మేకకు ఎనిమిది వందలు,
నాకు నాలుగు వందలు.
మా ఆయన లెక్క ఇని
ఏం మాట్లాడకుంట బీడీ ముట్టిచ్చిండు.

పులి మాత్రం లేదు.
పులిని ఎనుకసిరి కంప్యూటర్ల పెడ్తరట.
అందాక కట్టెకు గుచ్చిన ఆకుపచ్చ బంతే పులి,
దాన్ని జూసి వణకాలె.
చుక్కి వణకలే.
వాసన జూసింది, నాకింది,
మూడో టేకుకు సగం కొరికి మింగింది.
డైరెక్టరు మేడం మరాఠీల అడిగింది:
బాయీ, దీనికి కొంచెం భయం నేర్పవా?

ఎట్ల నేర్పాలె?
ఉరుముకు, లారీ హారనుకు, కొత్త కుక్కకు
భయపడకే బిడ్డా అని
పుట్టిన నాటి సంది చెప్పినదాన్ని నేనే.

ఆఖరికి స్టీలు పళ్లెం చేతికిచ్చి
బంతి ఎనుక నన్ను నిలబెట్టిండ్రు.
కొట్టిన.
చుక్కి బెదిరి, నా మొకం జూసి, ఉరికింది.
అందరు చప్పట్లు.
ఆ రాత్రి నా చేతిల ఆకు ముట్టలే.

*

ఏడాదిన్నరకు
శాళ గోడకు తెల్లగుడ్డ కట్టి ఆట ఏసిండ్రు.
పోస్టరు మీద తన మొకమే ఉన్నది గని
చుక్కి మైదా బంక కోసం కింది మూల నాకింది.
తెర మీద చుక్కి మాట్లాడ్తది.
గొంతు ఎవరో ముంబై పిల్లది,
"మే" అన్నదొక్కటే మాది.

పులి వచ్చింది.
ఎంత సక్కటి పులి!
గాలికి ఒక్కొక్క ఎంట్రుక ఏరుగ కదులుతున్నది.
హిందీల పండ్లు లెక్కపెట్టింది, ఏక్, దో, తీన్.
పిల్లలు దాని కంటే ముందు ఉరికిండ్రు,
చార్, పాంచ్,
బెంచీలు కూలేటంత నవ్వు.

నా పక్కన వదినె ఎల్లుబాయి.
పోయిన తునికాకు సీజన్ల
గొడుగులను జూసి నవ్వినోనిది
ఒక చెప్పు దొరికింది, సగం తువ్వాల దొరికింది.
ఫారెస్టోళ్లు అడుగుల చుట్టు సున్నం జల్లి
టేపు పెట్టి కొలిసిండ్రు.
పులికి నంబరున్నదన్నరు.
అన్నకు అర్జీ నంబరొచ్చింది.

వదినె నవ్వలే, ఏడ్వలే.
తెర దిక్కే జూసుకుంట అన్నది:
"దీని నోరు కంపు కొడ్తలేదు."
చీకట్ల ఆమె చెంప లోపట ఏదో కదిలింది.
నాలికెతోని
తన పండ్లు తానే లెక్కపెట్టుకుంటున్నది.

మర్లి వచ్చేటప్పుడు వాగు కాడ చుక్కి ఆగింది.
బంతి లేదు, కట్టె లేదు,
నా చేతిల పళ్లెం లేదు.
చెవులు నిక్కినయి, చిరిగింది గూడ.
టార్చి ఏసిన. రాళ్లు, ఈత పొదలు,
ఏటవతల కాళేశ్వరం దీపాలు.
వదినె నా కొంగు పట్టుకున్నది.
"లెక్కపెట్టుమను" అన్నది,
నాతోనా, మేకతోనా.

ఒకటి, అన్న.
రెండు, అన్నది.
చుక్కి కదల్తలేదు.