నిలువు సుంకం

మంగళవారం పదింటికి
గ్రంథాలయం తలుపు తీసేసరికి
ఎలునెడ్ అప్పటికే మెట్టు మీద ఉంది,
చంకలో బిస్కెట్ల డబ్బా.
అందులో బిస్కెట్లు లేవు. పదకొండు నెలల బిల్లులు,
ఒక రబ్బరు బ్యాండు, ఎందుకో ఒక చొక్కా గుండీ.

ఎల్లుండి నుంచి ధరలు మారుతున్నాయి.
రొండా లోయ అంతటా ఈ వారం ఇదే మాట,
రొట్టెల కొట్లో, బస్సు స్టాపులో, చర్చి వాకిట్లో:
"బిగించుకున్నావా, వదిలేశావా?"
బిగిస్తే ఏడాది పాటు ఒకటే రేటు.
వదిలేస్తే మూడు నెలలకోసారి
లండన్‌లో ఎవరో తుమ్మితే ఇక్కడ మనకు జలుబు.

కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం.
ఆమె కోటు విప్పలేదు. ఇక్కడ వెచ్చగానే ఉంది.
అలవాటు.

కరెంటు యూనిట్ ఇరవై ఆరు పెన్నీలు.
గ్యాసు ఆరు.
"అయితే గ్యాసుతోనే దీపం పెట్టుకుంటే పోలా,
మా నాయనమ్మ పెట్టుకునేది."
నవ్వాలో కూడదో తెలీక మౌసు కదిపాను.

కింద ఇంకో గడి ఉంది.
పొయ్యి ముట్టించినా ముట్టించకపోయినా,
స్విచ్చు మీద వేలు పడినా పడకపోయినా,
గొట్టమూ తీగా గుమ్మం దాకా వచ్చినందుకు,
ఇల్లంటూ ఒకటి నిలబడి ఉన్నందుకు
రోజుకింత.
"మా అక్క దగ్గర పడుకున్న రాత్రి కూడానా?"
ఆ రాత్రి కూడా.
వెల్ష్‌లో ఒక మాట అంది,
నిలువుదోపిడీకి అటూ ఇటుగా.

ఏడాదికి ఎంత వాడతారు, అని తెర అడిగింది.
అడిగి, కిందటేటి లెక్క అదే నింపుకుంది:
రెండువేల తొమ్మిదివందల యూనిట్లు.
"ఒంటరి మనిషికి ఇంతా?" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

ఆమె బిల్లులన్నీ బల్ల మీద పరిచింది
పేకముక్కల్లా, అక్టోబరు మొదలు.
ఫిబ్రవరి దాకా గట్టు మీద నడిచిన అంకెలు
మార్చిలో కాలుజారి పడ్డాయి.
"అది హవెల్ మెషీను," అంది.
"రాత్రీ పగలూ ఆక్సిజన్.
వంటింట్లో ఒక ఫ్రిజ్ ఉంటే
మంచం పక్కన రెండో ఫ్రిజ్ మోగుతున్నట్టుండేది."

ముప్ఫై ఏళ్లు కొండ కడుపులో బొగ్గు తీశాడు హవెల్.
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు.
ఆ ఎలుకను ఆయన ఊపిరితిత్తుల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.
నాలుగేళ్లు ఇద్దరూ కలిసి దాన్ని కరెంటుతో మేపారు.

ఆ అంకె మార్చాలి, అన్నాను.
కీబోర్డు తన వైపు లాక్కుంది.
తొమ్మిది పోయింది. రెండు పోయింది.
ఖాళీ గడిలో గీత ఒకటి కొట్టుకుంటూ ఉంది.
చాలాసేపటికి ఒక్క వేలితో కొట్టింది:
పదకొండు వందల యాభై.

పట్టిక మొత్తం తిరగబడింది.
ఇందాక అన్నిటికన్నా చవక అన్నది
అడుగుకు జారింది.
ఐదో వరసలో ముడుచుకున్న కంపెనీ,
యూనిట్ కాస్త ప్రియమే గానీ నిలువు సుంకం తక్కువది,
పైకొచ్చి కూర్చుంది.
మిగిలేది ఏడాదికి నలభై ఒక్క పౌన్లు.
"ఇద్దరున్నప్పుడు అది మంచిది, ఒక్కదాన్నే అయితే ఇది మంచిదీ," అంది,
ఉల్లిపాయల బేరంలా.
సరే, నొక్కు అంది. నొక్కాను.

బుధవారం రాత్రి,
ధర మారే ముందు ఆఖరి రీడింగు రాత్రి,
మా వీధి వీధంతా
టార్చిలైట్లతో మెట్ల కింద అరల్లోకి దూరింది.
ఎలునెడ్ మీటరు ఫొటో పంపింది. మసక.
మూడో అంకె ఆరో ఎనిమిదో తెలియదు.

ఫోన్ చేశాను.
"ఆగు, చూస్తా," అని ఫోన్ బల్ల మీద పెట్టేసింది.
చెప్పుల చప్పుడు, అర తలుపు, మళ్లీ ఏమీ లేదు.
దూరంగా ఫ్రిజ్ మోగుతోంది.
ఒక్కటే.
"ఆరు," అంది వచ్చి.
"కాదు, ఉండు. కళ్లజోడు పెట్టుకోలేదు."